గొడుగు పాటకి డబుల్ బేస్ కడితే

రిహానా పాడిన ‘అంబ్రెల్లా’ని ముగ్గురు జర్మన్ కుర్రాళ్ళు ఎల్విస్ ప్రెస్లీ ఫక్కీలో పాడుతుంటే మొదట నవ్వే వస్తుంది. క్రీము పట్టించి నుదుటి మీద ఎత్తుగా లేపిన జుట్టు, ఇస్త్రీ నలగని బట్టలు, పెదవి ఓ పక్కకి వంచడం, మైకు స్టాండుని నడుం పట్టుకున్నట్టు పట్టుకుని ఊగడం. చూడగానే ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అనిపిస్తుంది. ఓ అర నిమిషం గడిచాక కాలు దానంతటదే ఆడటం మొదలుపెడుతుంది. పాట అయ్యేసరికి, ఇది అసలు ఇలాగే పుట్టిందేమో, రిహానాదే తర్వాత వచ్చిందేమో అన్న అనుమానం కూడా కలుగుతుంది.

చాలామంది ఆ మొదటి నవ్వు దగ్గరే ఆగిపోతారు. ‘సరదాగా ఉంది, అంతకుమించి ఏముంది?’ అంటారు. రాకబిల్లీని, అంటే ఎల్విస్ మొదలుపెట్టిన ఆ తొలినాటి రాక్ బాణీని, ప్రాణంగా చూసుకునేవాళ్ళయితే నవ్వను కూడా నవ్వరు. ‘వేషగాళ్ళు’ అని కొట్టిపారేస్తారు. ఈ రెండు వర్గాలతోనూ నాకు పేచీ ఉంది. కొత్త పాటని పాత బాణీలో కట్టడం మిమిక్రీ కాదు, అది పాటకి పెట్టే పరీక్ష. కొన్ని పాటలు ఆ పరీక్ష నెగ్గుతాయి, కొన్ని అక్కడే చతికిలపడతాయి. ఏది ఎందుకు నెగ్గిందో చూడకుండా మొత్తానికి కలిపి జోకు అనేయడం బద్ధకం.

ఆ బ్యాండ్ పేరు ది బేస్‌బాల్స్. 2007లో బెర్లిన్‌లో మొదలైంది. అప్పట్లో ముందు నిలబడి పాడేది ముగ్గురు: సామ్, డిగ్గర్, బాస్టి. వెనక పియానో, గిటార్, నిలబెట్టి వాయించే పేద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్, డ్రమ్స్. 2009లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ ‘స్ట్రైక్’ నిండా అప్పటికి రేడియోల్లో బాగా నలిగిన పాటలే ఉన్నాయి. కేటీ పెర్రీ ‘హాట్ ఎన్ కోల్డ్’, లియోనా లూయిస్ ‘బ్లీడింగ్ లవ్’, ప్లెయిన్ వైట్ టీస్ ‘హే దేర్ డిలైలా’, ఇలా. ‘అంబ్రెల్లా’ ఫిన్లాండ్‌లో నంబర్ వన్ అయి కూర్చుంది.

వేషగాళ్ళు అనేవాళ్ళ సంగతి ముందు చూద్దాం. వాళ్ళ వాదన ఇది: రాకబిల్లీ అంటే 1950ల నాటి అమెరికా దక్షిణాది కుర్రాళ్ళ నెత్తురు, చెమట, దాన్ని తీసుకొచ్చి చార్టు పాటలకి తగిలించడం అపచారం. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అసలు రాకబిల్లీ ఎలా పుట్టిందో గుర్తు చేసుకుంటే ఈ వాదన ఒక్క నిమిషం నిలబడదు.

1954 జూలై 5, మెంఫిస్. 706 యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియో. పంతొమ్మిదేళ్ళ ఎల్విస్, గిటార్ మీద స్కాటీ మూర్, డబుల్ బేస్ మీద బిల్ బ్లాక్. డ్రమ్స్ లేవు. సాయంత్రం నుంచీ నెమ్మది పాటలు పాడిస్తున్నారు, ఏదీ కుదరడం లేదు. అందరూ అలిసిపోయి కాస్త ఆగినప్పుడు ఎల్విస్ ఊరికే గెంతుతూ, అల్లరిగా ఓ పాట ఎత్తుకున్నాడు. ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడు 1946లో రికార్డు చేసిన ‘దట్స్ ఆల్ రైట్’. బిల్ బ్లాక్ బేస్ లాక్కుని అదే వెటకారంతో వాయించడం మొదలుపెట్టాడు. స్కాటీ కలిశాడు. లోపల యంత్రాల దగ్గర ఉన్న ఫిలిప్స్ తల బయటికి పెట్టి, మీరు చేస్తున్నదేమిటని అడిగాడు. మాకూ తెలీదన్నారు. సరే, మళ్ళీ మొదట్నుంచి అందుకోండి అన్నాడు. రాకబిల్లీ చరిత్రకి మొదటి పేజీ అదే.

రికార్డుకి రెండో వైపు కూడా పాట కావాలి కదా. బిల్ మన్రో రాసి పాడిన ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’ తీసుకున్నారు. మన్రో అంటే బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతానికి తండ్రిలాంటివాడు. ఆ పాట తీరిగ్గా మూడు దెబ్బల్లో ఊగే వాల్ట్జ్. అది దొరికిన తీరు ఇంకా విచిత్రం. బిల్ బ్లాక్ మన్రో సన్నటి పైస్థాయి గొంతుని అనుకరిస్తూ వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే పాటై కూర్చుంది, మూడు దెబ్బలు పోయి నాలుగు దెబ్బల పరుగు వచ్చింది. మన్రో ఏం చేశాడనుకున్నారు? అదే ఏడాది తన పాటని మళ్ళీ రికార్డు చేశాడు. మొదటి సగం తన పాత వాల్ట్జ్, రెండో సగం కుర్రాళ్ళ పరుగు!

అంటే ఆ మొదటి రికార్డుకి రెండు వైపులా ఉన్నవి ఇతరుల పాటలు. రెండూ అల్లరిలోంచి, అనుకరణలోంచి వచ్చాయి. ఒకరి పాటని లాక్కుని తన నడకలోకి మార్చుకోవడమే ఈ సంగీతానికి పుట్టుకతో వచ్చిన గుణం. అలాంటి వంశంలో పుట్టినవాడు రిహానా పాట ఎత్తుకుంటే ఇంటి పద్ధతి తప్పినట్టా, పాటించినట్టా?

ఒక్క విషయంలో మాత్రం వాళ్ళతో ఒప్పుకుంటాను. మెంఫిస్‌లో అప్పుడు అది ప్రమాదంతో కూడిన పని. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు వేర్వేరు బళ్ళలో చదివే ఊరు అది. డ్యూయీ ఫిలిప్స్ అనే రేడియో వ్యాఖ్యాత ఆ రికార్డు మోగించి, ఎల్విస్‌ని స్టూడియోకి పిలిపించి, ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. హ్యూమ్స్ అన్నాడు ఎల్విస్. ఆ ఒక్క పేరుతో ఊళ్ళోవాళ్ళందరికీ కుర్రాడు తెల్లవాడని తెలిసిపోయింది. అడిగిందీ అందుకే. రిహానా పాట పాడినందుకు బెర్లిన్‌లో ఎవరూ ఎవరినీ ఏ బడి అని అడగరు. ఆ నిప్పు ఇప్పుడు లేదు. లేని నిప్పుని ఉన్నట్టు నటించకుండా, హాయిగా నవ్వుతూ పాడటమే ది బేస్‌బాల్స్‌లో నాకు నచ్చిన నిజాయితీ.

ఇక ‘సరదా, అంతే’ అనేవాళ్ళ సంగతి. వీళ్ళు చెవితో కాదు, కంటితో వింటారని నా అనుమానం. ఓసారి కళ్ళు మూసుకుని డబుల్ బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. లేదా కళ్ళు తెరిచి, పాడేవాళ్ళని వదిలేసి ఆ వాయించేవాడి కుడి చేతినే చూడండి. మనిషంత ఎత్తు వాయిద్యం. వేళ్ళకి టేపు చుట్టుకుని ఉంటాడు, లేకపోతే చర్మం లేచిపోతుంది. తీగని మీటడు, కొక్కెంలా వంచిన వేలితో బయటికి లాగి వదులుతాడు. అది వెనక్కి వెళ్ళి చెక్కకి తగిలి ‘టక్’ మంటుంది. వెంటనే అరచేత్తో తీగల మీద చరుస్తాడు, ఇంకో ‘టక్’. ఒక్క చేత్తో స్వరమూ వస్తుంది, తాళమూ వస్తుంది. సన్ స్టూడియోలో ఆ రోజు డ్రమ్స్ లేని లోటు తెలియకపోవడానికి కారణం ఈ చరుపే. దానికి శామ్ ఫిలిప్స్ టేపు యంత్రాలతో చేసిన చిన్న తమాషా తోడైంది. గొంతుని రెండో టేపు మీదుగా తిప్పి, సెకనులో ఏడో వంతో ఎనిమిదో వంతో ఆలస్యంగా మళ్ళీ వినిపించాడు. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే గోడ తిరిగి కొట్టినట్టు ఉండే ఆ ప్రతిధ్వనే రాకబిల్లీ గొంతుకి సంతకం.

ఇప్పుడు ‘అంబ్రెల్లా’ దగ్గరికి రండి. ఆ పాట నడక నిమిషానికి 87 దెబ్బలు. బరువుగా, ఒక్కో అడుగూ నేలలో దిగేసినట్టు ఉంటుంది. కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవాళ్ళు దీన్ని రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో ఊహించుకోండి. 174. చురుకైన రాకబిల్లీ పాటకి చక్కగా అతికే వేగం. ఇంకోటి: ఇప్పటి పాప్ బీటు ఎక్కువగా చతురశ్రం, అన్నీ సమానమైన ముక్కలు. రాకబిల్లీకి తిశ్రం ఊపు ఉంటుంది, త-కి-టలో మధ్య అక్షరం మింగేసినట్టు. అదే పాటని ఆ ఊపులోకి తెస్తే వర్షంలో దిగాలుగా నిలబడిన మనిషి కాస్తా నీళ్ళలో గెంతుతున్నట్టు అయిపోతుంది. అన్నిటికన్నా అసలు కిటుకు పల్లవి చివర ఉంది. గొడుగు అన్న ఇంగ్లీషు మాట తోకని పట్టుకుని రిహానా విరిచి విరిచి పలుకుతుంది కదా, ఆ చోటు. మాటని ముక్కలు చేసి, మధ్యలో వెక్కిళ్ళు వచ్చినట్టు పాడటం బడీ హాలీ నాటి నుంచీ రాకబిల్లీ గాయకుల సొత్తు. 2007 పాటలో 1957 నాటి వెక్కిళ్ళకి చోటు ముందే సిద్ధంగా ఉంది. బెర్లిన్ కుర్రాళ్ళు దాన్ని కనిపెట్టారు. కనిపెట్టడమంటే సంగీతం తెలిసి ఉండాలి, వేషం వేసినంత మాత్రాన రాదు.

పిట్టకథ ఒకటి. ఆ పాట అసలు బ్రిట్నీ స్పియర్స్ కోసం పంపారు, ఆమె మనుషులు వద్దన్నారు. ఆ పాటలో వినిపించే డ్రమ్ బీటు ఆపిల్ కంప్యూటర్లతో ఉచితంగా వచ్చే గ్యారేజ్‌బ్యాండ్ సాఫ్ట్‌వేర్‌లోది. దాని పేరు ‘వింటేజ్ ఫంక్ కిట్ 03’. కొత్తదనానికి ప్రతీకగా ఊరేగిన పాటకి పునాదిలో ఉన్నది రెడీమేడ్ పాతదనం. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని అనుకరిస్తున్నట్టు?

అన్నీ ఇలా కుదరవు, అది కూడా చెప్పాలి. ‘హే దేర్ డిలైలా’ నా లెక్కలో తప్పింది. దూరాన ఉన్న అమ్మాయికి ఒక్కడూ గిటార్ పట్టుకుని గొంతు తగ్గించి చెప్పుకునే పాట అది. దాని వెనక బ్యాండ్ మొత్తాన్ని నిలబెడితే ఏకాంతం పోతుంది, ఏకాంతం పోయాక ఆ పాటలో మిగిలేది పెద్దగా లేదు. ఇంకో చిక్కు కార్డులతో, అంటే పాట వెనక ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులతో. రాకబిల్లీ ఎక్కువగా మూడు కార్డుల మీద, పన్నెండు బార్ల (తాళంలో పన్నెండు ముక్కల) బ్లూస్ మీద నడుస్తుంది. ఆవృత్తం చివర తీర్మానం పడ్డట్టు ఒక మలుపు ఉంటుంది, అక్కడ వాయించేవాళ్ళకీ వినేవాళ్ళకీ ఒకేసారి ఊపిరి అందుతుంది. ఇప్పటి పాప్‌లో చాలా పాటలు నాలుగు కార్డుల చక్రం. ఎక్కడా ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. ఆ చక్రాన్ని అలాగే ఉంచి పైన చరుపు బేస్ తగిలిస్తే పాత పాటలా అనిపించదు, పాత బట్టలు కట్టిన కొత్త పాటలానే ఉంటుంది. నెగ్గిన పాటల్లో ఎక్కడో ఒకచోట ఆ మలుపు కొత్తగా కట్టి ఉంటారు.

ఆల్బమ్ మొత్తం ఏకబిగిన వింటే విసుగొస్తుందన్నది కూడా నిజమే. ఆరో పాటకి వచ్చేసరికి తర్వాత గిటార్ ఏం చేస్తుందో మనకే తెలిసిపోతుంది. న్యూయార్క్‌లో స్కాట్ బ్రాడ్లీ అనే పియానిస్టు ఈ ఇబ్బందిని తెలివిగా దాటాడు. తన ఇంటి హాల్లోనే వీడియోలు తీస్తూ మొదలుపెట్టిన ‘పోస్ట్‌మోడర్న్ జ్యూక్‌బాక్స్’లో పాటకో కాలం, పాటకో గొంతు. ఒకటి 1920ల జాజ్, ఇంకోటి 1950ల డూ-వాప్ బృందగానం. అయినా నాకు ది బేస్‌బాల్స్ మొండితనమే ఎక్కువ ఇష్టం. ఒకే బాణీకి కట్టుబడి ఉంటేనే ఏ పాట ఒదిగింది, ఏది ఒదగలేదు అన్నది తేలుతుంది.

ఇదంతా బెర్లిన్‌లోనూ, ఫిన్లాండ్‌లోనూ ఎందుకు జరిగింది, మెంఫిస్‌లో ఎందుకు జరగలేదు అని అడగొచ్చు. రాకబిల్లీకి పుట్టింట్లో కన్నా అత్తారింట్లోనే మర్యాద ఎక్కువ. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ కుర్రాళ్ళు స్ట్రే క్యాట్స్ కూడా 1980లో లండన్ వెళ్ళాకే పేరు తెచ్చుకున్నారు. స్వీడన్‌లో రగ్గారె అనే గుంపులు ఉన్నాయి; 1950ల నాటి అమెరికన్ కార్లు, ఆ నాటి పాటలు, ఆ నాటి తల దువ్వుడు వాళ్ళకి తరాలుగా వస్తున్న పిచ్చి. ఫిన్లాండ్‌కి లెనిన్‌గ్రాడ్ కౌబాయ్స్ ఉన్నారు, నుదుటి మీద జుట్టు జానెడు పొడవు ముందుకు పొడుచుకొచ్చే బ్యాండ్. ఆ నేల మీద ఈ ముగ్గురికీ హారతి పట్టారంటే ఆశ్చర్యం లేదు. జర్మనీకైతే ఎల్విస్ స్వయానా చుట్టం. 1958 నుంచి 1960 దాకా సైనికుడిగా అక్కడే ఉన్నాడు, బాట్ నౌహైమ్‌లో కాపురం. వెనక్కి వెళ్ళాక ఒక జర్మన్ జానపద గీతం వరస మీద కట్టిన ‘వుడెన్ హార్ట్’ పాడి, అందులో నాలుగు ముక్కలు జర్మన్‌లోనే పలికాడు. అప్పు తీసుకున్నది ముందు ఆయనే.

మనవాళ్ళకి ఈ తరహా కవర్లు, అంటే ఒకరి పాటని ఇంకొకరు తమ పద్ధతిలో మళ్ళీ పాడటం, వింతగా అనిపించడానికి కారణం వేరే ఉంది. మనకి ‘రికార్డులో ఉన్నట్టే’ అన్నది పాటకి ఇచ్చే అతి పెద్ద మెప్పు. 1996 నుంచీ ‘పాడుతా తీయగా’ చూస్తూ పెరిగిన చెవులివి. ఒక్క సంగతి జారినా ఇంట్లో కూర్చుని పట్టేస్తాం. దాని విలువ దానికుంది, కాదనను. కానీ ఆ అలవాటు వల్ల పాటంటే రికార్డే అనుకునే స్థితికి వచ్చేశాం. మా బాబాయి కూతురి రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా కీబోర్డు అబ్బాయిని, ఫలానా కొత్త పాటని పాత ఘంటసాల రోజుల వాద్యాలతో వాయించగలవా అని అడిగాను. ‘వాయిస్తానండీ, కానీ ఒక్క బిట్టు తేడా వస్తే కిందనుంచి అరుస్తారండీ, పేమెంటు దగ్గర ఇబ్బందవుద్ది’ అన్నాడు. అతని బాధ అతనిది.

తమాషా ఏమిటంటే ఆ పెళ్ళి ఊరేగింపులో బ్యాండ్ మేళం చేసింది అచ్చంగా నేనడిగిందే. నెల తిరగని సినిమా పాట, కంప్యూటర్ మీద కట్టిన పాట, క్లారినెట్ మీదికి ఎక్కింది. ట్రంపెట్లు అందుకున్నాయి, డ్రమ్ములు దాన్ని ఊరేగింపు నడకకి తెచ్చేశాయి. అసలు పాటలో ఉన్న హంగులన్నీ రాలిపోయి వరస ఒక్కటే మిగిలింది. వరస గట్టిదైతే పిల్లలు గెంతుతారు, లేకపోతే పెళ్ళికొడుకు కారు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటారు. అంతకన్నా నిక్కచ్చి పరీక్ష ఉందా? బ్యాండ్ మేళాన్ని ఎవరూ వేషగాళ్ళు అనలేదు, మిమిక్రీ అనలేదు.

మన సినిమావాళ్ళు కూడా పాత పాటల్ని తిరగతోడుతూనే ఉన్నారు, కాకపోతే ఎదురు దిశలో. 1977 ‘యమగోల’లోని ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ 2007లో ‘యమదొంగ’లోకి వచ్చింది. 1991 ‘గ్యాంగ్ లీడర్’ వాన పాట 2012లో ‘రచ్చ’లో తడిసింది. పాత పాటకి కొత్త డ్రమ్ములు, కొత్త హీరో. ఇవి నాకు ఎప్పుడూ సంతృప్తినివ్వలేదు, ఎందుకంటే అవి వరసని ఏమీ అడగవు. గెలుస్తుందని ఇరవై ముప్పై ఏళ్ళుగా తెలిసిన పాటకి మళ్ళీ దండేయడమే. నిన్న మొన్నటి పాటని తీసుకుని, దాని హంగులు ఊడదీసి, పాత వాద్యాల ముందు ఒంటరిగా నిలబెట్టడానికి ధైర్యం కావాలి. ఓడిపోతే కవర్ చేసినవాడితో పాటు అసలు పాట పరువూ పోతుంది.

డబ్బు మాట ఎత్తకపోతే ఈ వ్యాసం సగమే. ఆర్థర్ క్రుడప్ పాటతో ఎల్విస్ జీవితం మారింది. క్రుడప్ మాత్రం తనకి రావలసిన రాయల్టీల కోసం ఏళ్ళ తరబడి తిరిగి, అవి పెద్దగా చేతికందకుండానే 1974లో పోయాడు. ‘అంబ్రెల్లా’ రాసింది నలుగురు, ఎవరు కవర్ చేసినా వాళ్ళ వాటా వాళ్ళకి వెళ్ళే కాలం ఇది. ఆ రకంగా చూస్తే బెర్లిన్ వేషగాళ్ళ కవర్ మెంఫిస్ అసలు సరుకు కన్నా న్యాయమైనది.

అమెరికా చట్టం ప్రకారం ఒకసారి జనంలోకి వచ్చిన పాటని రాసినవాడి అనుమతి లేకపోయినా, నిర్ణయించిన రుసుము కట్టి ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. తమ శైలికి తగ్గట్టు వాద్యాలు మార్చుకోవచ్చు, వరసనీ పాట స్వభావాన్నీ మాత్రం మార్చకూడదు. మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి 31సి సెక్షన్ వచ్చింది. దాని కింద కవర్ చేయాలంటే పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక అయిదేళ్ళు ఆగాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మార్పులు చేయకూడదు. అంతకన్నా ముందు చేయాలంటే హక్కుదారు కంపెనీ గుమ్మం ఎక్కి ఒప్పించుకోవాలి. కుర్ర బ్యాండ్‌కి అది అయ్యే పనేనా? రిహానా పాట వచ్చిన రెండేళ్ళకే, జనం నోళ్ళలో ఇంకా నానుతుండగానే, ది బేస్‌బాల్స్ దాన్ని ఎత్తుకున్నారు. నవ్వు పుట్టిందీ, ఆ నవ్వు వెనకే కాలు ఆడిందీ అందుకే. మన లెక్కన అయితే వాళ్ళు 2013 దాకా ఆగాలి. అప్పటికి ఆల్బమ్ సంగతి దేవుడెరుగు, ఏ పాటని మార్చి పాడుతున్నారో జనానికి విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చేది.